కబురు, ఆనవాలు

వెబ్‌హుక్ అంటే అడగకుండా వచ్చే కబురు. మామూలుగా ఒక సర్వరు అడుగుతుంది, ఇంకో సర్వరు జవాబు చెబుతుంది. వెబ్‌హుక్‌లో ఈ వరస తిరగబడుతుంది. సంగతి జరిగిన చోటే కబురు పుట్టి, వినవలసినవారి చిరునామాకు తానే వచ్చి తలుపు తడుతుంది. ఈ పేరును 2007లో జెఫ్ లిండ్సే వాడుకలోకి తెచ్చాడు. ఈనాడు ఆన్‌లైన్ చెల్లింపుల సమాచారం చాలావరకు ఈ దారినే నడుస్తోంది.

కాకినాడ జిల్లా ఉప్పాడలో ఒక నేత కుటుంబం జాందానీ చీరలను సొంత వెబ్‌సైటులో అమ్ముతోందనుకుంటే సంగతి తేలికగా బోధపడుతుంది. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్నవారు చీర ఎంచుకుని డబ్బు కడతారు. కట్టిన సంగతి మొదట తెలిసేది నేతవారికి కాదు, మధ్యనున్న రేజర్‌పే వంటి చెల్లింపు సంస్థకు. అక్కడి నుంచి నేతవారి వెబ్‌సైటులోని ఒక పీహెచ్‌పీ ఫైలుకు కబురు వస్తుంది: ఫలానా ఆర్డరుకు ఇంత సొమ్ము ముట్టింది. ఆ మాట మీద చీర మడత పెట్టి కొరియరుకు ఇస్తారు. పనితనాన్ని బట్టి వారాలు, ఒక్కోసారి నెలలు మగ్గం మీద గడిస్తే తప్ప దిగని చీర అది.

చిక్కల్లా ఆ ఫైలు చిరునామా ఇంటర్నెట్టులో అందరికీ తెరిచే ఉండటం. చెల్లింపు సంస్థ తట్టినట్టే మరెవరైనా ఆ తలుపు తట్టవచ్చు, అదే మాట అదే తీరులో చెప్పవచ్చు. వాక్యంలో తేడా ఉండదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత చీర పోయాక గుర్తొస్తే లాభం లేదు. కాబట్టి పీహెచ్‌పీ ప్రోగ్రాము రాసేవారి ముందుకు కంప్యూటరు కంటే చాలా పాత ప్రశ్న ఒకటి వచ్చి నిలుస్తుంది: కంటితో చూడనిదాన్ని ఇంకొకరు చెప్పగా విని, అది తెలిసినట్టేనని ఎప్పుడు అనవచ్చు?

భారతీయ దర్శనాలు ఈ ప్రశ్నను శబ్దప్రమాణం అనే పేరుతో చర్చించాయి. చార్వాకులు మాటను ప్రమాణంగానే ఒప్పుకోలేదు. బౌద్ధ తార్కికులు, వైశేషికులు దాన్ని అనుమానంలో, అంటే హేతువును బట్టి ఊహించి తెలుసుకోవడంలో, కలిపేశారు. నైయాయికులు, మీమాంసకులు మాత్రం వేరే ప్రమాణంగా నిలబెట్టారు. తర్కం మొదలుపెట్టే విద్యార్థి చేతికి మొదట అందే తర్కసంగ్రహాన్ని రాసిన అన్నంభట్టు ఆంధ్రుడని ప్రతీతి. ఆయన లెక్కలో ఆప్తుడి వాక్యమే శబ్దం, ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆప్తుడి లక్షణం ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా ఒకటేనన్నాడు. పుట్టుక చూడనక్కర్లేదు, చెప్పే సంగతి స్వయంగా ఎరిగి, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉంటే చాలు. మనిషి కాని సర్వరును ఆప్తుడనవచ్చా అనే శంకకు ఆ ఉదారమైన నిర్వచనంలోనే సగం జవాబు ఉంది.

నేతవారి ఊరైన ఉప్పాడ శబ్దప్రమాణం మీద బతికే తీరపు ఊరు కూడా. కాకినాడ రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో విని మత్స్యకారులు వేటకు వెళ్లాలా వద్దా తేల్చుకుంటారు. ఆ సూచిక మీద సంతకమేమీ ఉండదు. ఆ స్తంభం మీద సూచిక ఎగరేసే అధికారం రేవువారికే ఉండటమే దాని సంతకం. చేపలు ఏ దిక్కున దొరకవచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉష్ణోగ్రతనూ పచ్చదనాన్నీ బట్టి చెబుతుంది. ఆ సూచన ఇన్‌కాయిస్‌దేనని రూఢి అయినా వలలో చేప పడకపోవచ్చు. ఈ చిన్న సంగతిలోనే అసలు విషయమంతా ఉంది. కబురు ఎవరిదన్నది ఒక ప్రశ్న, కబురు నిజమా అన్నది వేరొక ప్రశ్న. వెబ్‌హుక్ మీద పంపినవారు పెట్టే సంతకం అనే ఆనవాలు మొదటి ప్రశ్నకే జవాబిస్తుంది. ఆ జవాబు అనుమానప్రమాణం వల్ల వస్తుంది. రెండోది అప్పటికీ శబ్దప్రమాణంగానే, అంటే చెప్పినవాడి మీది నమ్మకంగానే మిగులుతుంది. ఈ రెంటినీ కలిపేయడం ప్రోగ్రామర్లు తరచుగా చేసే తప్పు, తార్కికులు మాత్రం చేయలేదు.

వచ్చిన మాటను ముందు నమ్మాలా, ముందు శంకించాలా అన్నది మరో పాత తగాదా. మీమాంసకుల మతంలో జ్ఞానం పుట్టడంతోనే ప్రమాణం. తరవాత దాన్ని కొట్టేసే జ్ఞానం ఎదురైతేనో, పుట్టించిన కారణంలో దోషం బయటపడితేనో అది చెల్లదు. దీన్ని స్వతఃప్రామాణ్యం అంటారు. నైయాయికులు ప్రామాణ్యం బయటినుంచి తెలియవలసిందే అంటారు, అది పరతఃప్రామాణ్యం. ఇరుగుపొరుగు మాటల్లో మీమాంసకుడి వైఖరే మనిషిని బతకనిస్తుంది. చెప్పిన ప్రతి మాటకూ రుజువడిగితే ఊళ్లో పొద్దు గడవదు. ఇంటర్నెట్టు తలుపు దగ్గర మాత్రం కారణదోషం ఉండవచ్చన్నది శంక కాదు, రోజూ ఎదురయ్యే అనుభవం. అక్కడ మీమాంసకుల పెద్ద కుమారిల భట్టయినా గడియ పెట్టుకునేవాడే.

గడియ ఎలాంటిదై ఉండాలో తెలియాలంటే సుందరకాండ కంటే మంచి పాఠం దొరకదు. అశోకవనంలో హనుమంతుడు తాను రామదూతనన్నప్పుడు సీత మొదట నమ్మలేదు, రావణుడే వేషం మార్చి వచ్చాడని శంకించింది. రామలక్ష్మణుల రూపురేఖలు చెప్పమని అడిగింది. హనుమంతుడు చెప్పాడు. అయితే రూపురేఖలు చూసినవారెవరైనా చెప్పగలరు. తరవాత రాముడి పేరున్న ఉంగరం ఇచ్చాడు. ఉంగరం బలమైన ఆనవాలే గాని, వస్తువు గనక దొంగిలించవచ్చు, పోగొట్టుకోవచ్చు. తిరుగుప్రయాణంలో సీత చూడామణితో పాటు ఇంకొకటి పంపింది: కాకాసురుడి వృత్తాంతం, నుదుటి తిలకం ముచ్చట. అవి సీతారాములకు మాత్రమే తెలిసిన సంగతులు. వస్తువు కంటే రహస్యం గట్టి ఆనవాలని ఆమె ఎరుగును.

ఆనవాళ్లు ఎంత మోసం చేయగలవో యుద్ధకాండ చూపిస్తుంది. విద్యుజ్జిహ్వుడనే మాయావి చేసిన రాముడి మాయాశిరస్సును రావణుడు సీత ముందు పెట్టించినప్పుడు ముఖం సరిపోయింది, జుట్టు సరిపోయింది, చూడామణి కూడా సరిపోయింది. ఆమె నమ్మి విలపించింది. ఆమె మేలు కోరే రాక్షస స్త్రీ సరమ వచ్చి అది మాయ అని చెప్పేదాకా నిజం తెలియలేదు. పైకి కనిపించే గుర్తులు ఎన్ని కలిసినా, చూసి పోతపోయగలిగినవైతే అవి రుజువు కావు. వెబ్‌హుక్ విషయంలో పంపినవాడి ఐపీ చిరునామా, హెడర్లలో చెప్పుకున్న పేరు ఈ కోవలోవే. అదనపు జాగ్రత్తగా పనికొస్తాయి గాని వాటి మీద చీర పంపకూడదు.

రహస్యకథలోనూ ఒక లోపముంది. ఒకసారి చెబితే మోసుకొచ్చినవాడికీ తెలిసిపోతుంది. హనుమంతుడు కాబట్టి సరిపోయింది. రహస్యాన్ని బయటపెట్టకుండా అది తన దగ్గర ఉందని చూపించే ఉపాయం కావాలి. అదే హెచ్‌మ్యాక్. మిహిర్ బెల్లారే, రాన్ కనెట్టి, హ్యూగో క్రావ్‌చిక్ 1996లో దీన్ని ప్రతిపాదించారు. 1997 ఫిబ్రవరిలో ఇది ఆర్‌ఎఫ్‌సీ 2104గా వెలువడింది. పంపేవారికీ అందుకునేవారికీ ముందే ఒక రహస్యపదం ఉంటుంది. పంపేవారు సందేశాన్నీ రహస్యాన్నీ కలిపి షా-256 వంటి హాష్‌లో రెండు దఫాలు పిసికి, 64 అక్షరాల ముద్దగా మార్చి సందేశంతో పాటు హెడరులో పంపుతారు. ఆ ముద్దనే సంతకం అంటారు. రేజర్‌పే, స్ట్రైప్, గిట్‌హబ్ మూడూ ఈ పద్ధతినే వాడతాయి. ముద్ద నుంచి రహస్యాన్ని వెనక్కి రాబట్టడం సాధ్యపడే పని కాదు. సందేశంలో ఒక్క అంకె మారినా ముద్ద పూర్తిగా మారిపోతుంది.

సంతకం సందేశానికి అంటుకుని ఉందా, అందులోనే నేసి ఉందా అన్న తేడా ఉప్పాడవారికి చెప్పనక్కర్లేదు. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరున్న లేబులు మరమగ్గం చీరకూ అంటించవచ్చు, ఒక చీర మీద ఊడదీసి ఇంకో చీర మీద పెట్టవచ్చు. బుటా అలా కుదరదు. పడుగులోకి అదనపు పేకను చేత్తో పోగు పోగుగా దూర్చి నేసిన బుటా రెండు వైపులా కనిపిస్తుంది, దాన్ని ఊడదీస్తే చీరే పాడవుతుంది. ఉంగరం లేబులు వంటిది, హెచ్‌మ్యాక్ బుటా వంటిది.

ఇక తార్కికుడి భాషలో దీని స్వరూపం ఇది. ఈ కబురు రహస్యం తెలిసినవారిది అన్నది ప్రతిజ్ఞ. సరిపోయే సంతకం ఉండటం హేతువు. సరిపోయే సంతకం ఉన్న చోటల్లా రహస్యం తెలిసిన చెయ్యి ఉంటుందన్నది వ్యాప్తి. పొగను చూసి నిప్పును ఊహించినంత మామూలు అనుమానం. అయితే ‘రహస్యం తెలిసినవారిది’ నుంచి ‘చెల్లింపు సంస్థది’ దాకా వెళ్లాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందన్నప్పుడు తడికట్టె అనే ఉపాధి, అంటే చాటున ఉండే షరతు, అడ్డుపడుతుందని తార్కికులు చెబుతారు. ఇక్కడి ఉపాధి రహస్యం ఇద్దరి దగ్గరే ఉండటం. అది సడలిన రోజున లెక్క ఎంత బాగా కుదిరినా నిగమనం, అంటే చివరికి తేల్చిన మాట, తప్పుతుంది.

పీహెచ్‌పీలో ఈ అనుమానం నాలుగైదు పంక్తుల్లో ముగుస్తుంది. వచ్చిన సందేశాన్ని ఇన్‌పుట్ స్ట్రీము నుంచి ముడిగా చదివి, హాష్_హెచ్‌మ్యాక్ ఫంక్షనుతో తమ వైపు సంతకం కట్టి, హెడరులో వచ్చినదానితో పోల్చాలి. కలవకపోతే డేటాబేసు ముట్టుకోకుండా 400 అనే తిరస్కార సంకేతంతో తిప్పి పంపాలి. కలిస్తే అందిందని చెప్పే 200 సంకేతంతో జవాబిచ్చి తక్కిన పని తరవాత చూసుకోవచ్చు. చెప్పడానికి ఇంతే గాని, పొరపాట్లు జరిగేదంతా ‘ముడిగా’ అన్న మాట దగ్గర.

చాలామంది వచ్చిన సందేశాన్ని ముందు జేసన్ అనే రాత రూపం నుంచి పీహెచ్‌పీ అర్రేగా విప్పి, మళ్లీ జేసన్‌గా కట్టి, దాని మీద సంతకం లెక్కిస్తారు. అర్థం మారలేదు కదా అనుకుంటారు. అర్థం మారదు, అక్షరం మారుతుంది. పీహెచ్‌పీ తన అలవాటు కొద్దీ ప్రతి అడ్డగీతకూ ముందు ఒక వెనక్కి వాలిన గీత చేరుస్తుంది, ఖాళీలు తీసేస్తుంది, తెలుగు అక్షరాన్ని యూనికోడ్ సంకేతంగా మారుస్తుంది. చిరునామాలో ‘సీత’ అని వచ్చిన పేరు తిరిగి కట్టేసరికి బ్యాక్‌స్లాష్‌లు, సంకేతాల వరసగా తయారవుతుంది. మనిషి కంటికి రెండూ సీతే, హాష్‌కు మాత్రం కావు.

అర్థం కంటే ఆనుపూర్వికే, అంటే అక్షరాల వరసకే పట్టం కట్టిన సంప్రదాయం గోదావరి సీమకు కొత్త కాదు. కోనసీమ అగ్రహారాల్లో ఘనపాఠీలు పదాన్ని ముందుకూ వెనక్కూ మళ్లీ ముందుకూ తిప్పి చదివేది అర్థం కోసం కాదు, ఒక్క అక్షరం, ఒక్క స్వరం జారకుండా ఉండటానికి. జారితే ఏమవుతుందో త్వష్ట కథ చెబుతుంది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తూ ‘ఇంద్రశత్రు’ అన్న మాటలో స్వరం తప్పాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు కాకుండా ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు పుట్టాడు. అక్షరాలన్నీ అవే. జేసన్‌ను విప్పి కట్టే ప్రోగ్రామరు ఈ కథ విని ఉంటే కొన్ని రాత్రుల నిద్ర మిగిలేది.

పోల్చడంలోనూ తెలియని మెలికలున్నాయి. పీహెచ్‌పీలో రెండు సమానపు గుర్తులతో పోలిస్తే అంకెల్లా కనిపించే పదాలను అది అంకెలుగానే చూస్తుంది. సున్నాతో మొదలై ‘ఇ’ అక్షరం, ఆపై అన్నీ అంకెలే ఉన్న రెండు వేర్వేరు హాష్‌లు రెండూ సున్నాలై సమానమంటుంది. ఇది అరుదే గాని అసాధ్యం కాదు. మూడు సమానపు గుర్తులు పెడితే ఆ బెడద తీరుతుంది గాని ఇంకొకటి ఉంటుంది. పోలిక మొదటి తేడా దగ్గరే ఆగిపోతే, ఆగడానికి పట్టిన కాలాన్ని కొలిచి ఎన్ని అక్షరాలు సరిపోయాయో బయటివాడు ఊహించవచ్చు. కాదన్న మాట ఎంతసేపటికి వచ్చిందన్నది కూడా ఒక మాటే. 2014లో వచ్చిన పీహెచ్‌పీ 5.6 నుంచి ఉన్న హాష్_ఈక్వల్స్ ఫంక్షను ఎక్కడ తేడా ఉన్నా ఒకే కాలం తీసుకుంటుంది. దాన్నే వాడాలి.

నిజమైన కబురే రెండోసారి వస్తే ఏమిటన్నది మరింత లోతైన ప్రశ్న. దారిలో ఎవరైనా సందేశాన్ని సంతకంతో సహా పట్టుకుని మరునాడు తిరిగి పంపితే సంతకం కలుస్తుంది. దొంగలే కానక్కర్లేదు. మొదటి జవాబు అందకపోతే చెల్లింపు సంస్థలే అదే కబురును మళ్లీ మళ్లీ పంపుతాయి. కుమారిలుడి దారిలోని భాట్ట మీమాంసకులు ప్రమాణానికి పెట్టిన షరతు ఇక్కడ పనికొస్తుంది. అంతకుముందు తెలియనిదాన్ని తెలిపితేనే అది ప్రమాణం. తెలిసినదాన్నే తిరిగి చెబితే అనువాదం, అబద్ధం కాదు గాని కొత్తగా ఏ పనినీ విధించదు. అందుకే వచ్చిన ప్రతి చెల్లింపు సంఖ్యనూ డేటాబేసులో రెండోసారి చేరనివ్వని నిబంధనతో రాసిపెట్టుకోవాలి. మొదటిసారికి చీర, రెండోసారికి 200 జవాబు మాత్రమే. ఆ సంఖ్యను సందేశం లోపలి నుంచే తీసుకోవాలి, సంతకం పరిధిలోకి రాని హెడరు నుంచి తీసుకుంటే దాన్ని ఎవరైనా మార్చవచ్చు. స్ట్రైప్ పంపిన వేళను కూడా సంతకంలో కలిపి నేస్తుంది. ఆ సంస్థ ఇచ్చే లైబ్రరీ మామూలుగా 5 నిమిషాలు దాటిన కబురును తోసిపుచ్చుతుంది.

రహస్యం చేజారితే ఏమవుతుందో విశాఖదత్తుడి ముద్రారాక్షస నాటకం పేరులోనే ఉంది. మంత్రి రాక్షసుడి ఉంగరపు ముద్ర గూఢచారి ద్వారా చాణక్యుడి చేతికి చిక్కింది. చాణక్యుడు ఒక ఉత్తరం రాయించి ఆ ముద్రే వేయించాడు. ముద్ర అసలుదే, ఉత్తరం కల్ల. రాక్షసుడితో చేతులు కలిపిన మలయకేతువు ముద్రను చూసి రాక్షసుణ్ణి వదులుకున్నాడు. వెబ్‌హుక్ రహస్యపదాన్ని పీహెచ్‌పీ ఫైలులోనే రాసి, ఆ ఫైలును గిట్‌లో అందరికీ కనిపించేలా పెట్టడం చాణక్యుడికి ఉంగరం చేతికివ్వడమే. అది వెబ్ ఫోల్డరుకు బయట, ఎన్విరాన్‌మెంట్ ఫైలులో ఉండాలి. అప్పుడప్పుడు మార్చాలి, మార్చే రోజుల్లో పాతదీ కొత్తదీ రెండూ చెల్లేలా కొంత వ్యవధి ఉంచాలి.

ఇంత చేసినా ఒక శంక మిగులుతుంది. సంతకాన్ని రహస్యం రుజువు చేస్తుంది, మరి రహస్యాన్ని? అది చెల్లింపు సంస్థ వెబ్‌సైటులో లాగిన్ అయి పెట్టుకున్నది. ఆ వెబ్‌సైటు అసలుదని సర్టిఫికెట్టు చెబుతుంది, సర్టిఫికెట్టు అసలుదని ఇంకో సంస్థ చెబుతుంది. మీమాంసకుడు నైయాయికుడి మీద వేసిన అనవస్థాదోషం, అంటే రుజువుకు రుజువంటూ అంతు లేకుండా పోవడం, ఇదే. నైయాయికుడి జవాబు ఆచరణ వైపు తిరుగుతుంది. నీళ్లున్నాయన్న జ్ఞానం నిజమని దాహం తీరినప్పుడు తెలుస్తుంది, దాన్ని సంవాదిప్రవృత్తి అన్నారు. వెబ్‌సైటుకు ఆ దాహం తీర్చుకునే దారి ఉంది. కబురు వచ్చాక చెల్లింపు సంస్థ ఏపీఐని తానే అడిగి ఆ ఆర్డరు, ఆ మొత్తం, ఆ స్థితి సరిపోయాయో లేదో చూడవచ్చు. ఖరీదైన చీర విషయంలో ఇది అతి జాగ్రత్త అనిపించుకోదు. సంతకం చెప్పలేని రెండో ప్రశ్నకు, అంటే కబురు నిజమా అన్నదానికి, కొంతైనా జవాబు దొరికేది అక్కడే.

హెచ్‌మ్యాక్ ఒప్పించగలిగేది కబురు అందుకున్నవారిని మాత్రమే. రహస్యం ఇద్దరి దగ్గరా ఉంది గనక అందుకున్నవారు కూడా అదే సంతకం సొంతంగా కట్టగలరు. మూడోవాడి ముందు పెడితే ఎవరు కట్టారో తేలదు. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి ఆస్థానంలో 11వ శతాబ్దిలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో దుష్యంతుడి ఇబ్బంది సరిగ్గా ఇదే. శకుంతలను పెళ్లాడిన సంగతి వారిద్దరికే తెలుసు. ఆమె మాట నిజమని అతనికి తెలిసినా లోకాపవాదానికి జంకి, ఆకాశవాణి అందరికీ వినబడేలా పలికాకే ఆమెనూ కొడుకునూ స్వీకరించాడు. తన నమ్మకానికి ఆకాశవాణి అక్కర్లేదు, సభ నమ్మకానికి కావలసి వచ్చింది. కాళిదాసు ఈ భారత కథకు ఉంగరాన్ని చేర్చి, అది చేప కడుపులోంచి బెస్తవాడి చేతికి వచ్చినట్టు రాశాడు. ఉంగరం దొరికిన పాపానికి బెస్తవాణ్ణి భటులు దొంగ అన్నారు. వస్తువును ఆనవాలుగా పెట్టుకుంటే వచ్చే తంటా అదీ.

చట్టం కూడా ఈ తేడాను పాటిస్తుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకం అన్నది ఒకరి దగ్గరే ఉండే తాళంచెవితో వేసి, అందరికీ తెలిసిన మరో తాళంచెవితో సరిచూసుకునే పద్ధతిని. హెచ్‌మ్యాక్ ఆ కోవలోకి రాదు. చెల్లింపు మీద తగాదా వచ్చి న్యాయస్థానం మెట్లెక్కితే సర్వరు లాగులోని 64 అక్షరాల కంటే, 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం కింద ధ్రువీకరించి ఇచ్చిన ఖాతా నకలుకే విలువ ఎక్కువ.